దీవి మీద లెక్క, దిబ్బ మీద నీరు



1943వ సంవత్సరంలో, పసిఫిక్ మహాసముద్రంలో అమెరికాకూ జపానుకూ యుద్ధం జోరుగా సాగుతున్న రోజుల్లో, హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ స్థావరంలో కొందరు ఉద్యోగులు భూతద్దాలు పట్టుకుని మరుగుదొడ్లు లెక్కపెట్టారు. నవ్వులాటకు చెప్పడం లేదు. అది వాళ్ల ఉద్యోగం. ఆ మరుగుదొడ్లు బెటియో అనే చిన్న దీవి ఒడ్డున ఉన్నాయి. విమానాల నుంచి తీసిన ఫొటోల్లో అవి స్పష్టంగా కనిపిస్తున్నాయి.

బెటియో భూమధ్యరేఖకు కాస్త ఉత్తరాన, తరావా అనే పగడపు దీవుల వలయంలో ఒక మూల ఉంది. ఇవాళ అది కిరిబాటి దేశంలో భాగం. అప్పట్లో వాటిని గిల్బర్ట్ దీవులనేవారు. పొడవు రెండు మైళ్ల పైచిలుకు, వెడల్పు బాగా ఉన్నచోట అర మైలు. మొత్తం మీద 300 ఎకరాలు కూడా నిండదు. మన పల్లెటూళ్లలో ఒక పెద్ద రైతు కుటుంబానికి ఒకప్పుడు అంత భూమి ఉండేది. సముద్రమట్టానికి పది అడుగులకు మించి ఎత్తులేని నేల. అంత పల్లపు ఇసుక నేలలో గోతులు తవ్వితే నీళ్లు ఊరతాయి. అందుకని జపాను సైనికులు ఒడ్డు నుంచి నీళ్ల మీదికి కర్రలతో సన్నని వంతెనలు కట్టి, వాటి చివర మరుగుదొడ్లు పెట్టుకున్నారు. శుభ్రం చేసే పని సముద్రానికి వదిలేశారు.

ఆకాశంలోంచి చూసినవాడికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? జపాను సేనలో ఎంతమందికి ఒక దొడ్డి కడతారో ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి తెలిస్తే మిగిలింది గుణకారమే. పెళ్లింట్లో ఎంగిలి విస్తళ్లు లెక్కపెట్టి ఎందరు తిన్నారో చెప్పినట్టు, వీళ్లు దొడ్లు లెక్కపెట్టి దీవి మీద ఎంతమంది ఉన్నారో చెప్పారు. ఆ లెక్కను, పసిగట్టిన రేడియో సందేశాల సమాచారంతో సరిచూసుకున్నారు. మొత్తం సుమారు 4,800 మంది. వాళ్లలో 2,600 మంది దాకా శిక్షణ పొందిన పోరాట సైనికులు, తక్కినవాళ్లు కట్టుబడి పనివాళ్లు, వాళ్లలో చాలామంది కొరియా నుంచి తెచ్చినవాళ్లు. యుద్ధం ముగిశాక సరిచూస్తే ఈ అంచనా వాస్తవానికి చాలా దగ్గరగా వచ్చింది.

ఇంత కచ్చితంగా శత్రువును లెక్కపెట్టినవాళ్లు ఆ దీవి ముందర వెయ్యిమందికి పైగా సొంత మనుషుల్ని ఎందుకు పోగొట్టుకున్నారు? ఈ ప్రసంగంలో నేను చెప్పదలుచుకున్న సంగతి అదే.

ముందు కొంచెం నేపథ్యం. జపాను యుద్ధం మనకు పూర్తిగా దూరపు మాట కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ నాటికి జపాను చెయ్యి బర్మా నుంచి పసిఫిక్ నడిబొడ్డు దాకా చాచి ఉంది. గిల్బర్ట్ దీవులు వాళ్ల చేతిలోకి వచ్చింది 1941 డిసెంబరులో. అయితే వచ్చిన కొత్తలో అక్కడ పెద్ద కోటలేమీ కట్టలేదు. 1942 ఆగస్టులో అమెరికా మెరైన్లు కొందరు రెండు జలాంతర్గాముల్లో వచ్చి, అక్కడికి దగ్గర్లోని మాకిన్ దీవి మీద పడి, దెబ్బతీసి వెళ్లిపోయారు. జపాను దృష్టిని మళ్లించడానికి చేసిన చిన్న దాడి అది. దృష్టి మళ్లడం మాట అలా ఉంచి, దానివల్ల జపానుకు ఈ దీవులు గుర్తుకొచ్చాయి. ఇంజనీర్లు వచ్చారు, సిమెంటు వచ్చింది, ఫిరంగులు వచ్చాయి. అంటే ఆ తర్వాత అమెరికా గూఢచారులు తలలు బద్దలు కొట్టుకుని అంచనా వేయాల్సి వచ్చిన కోటను కట్టించింది ఒక రకంగా అమెరికాయే. యుద్ధచరిత్రలో ఇలాంటివి చాలా ఉంటాయి, సేనాపతుల జ్ఞాపకాల్లో మాత్రం తక్కువ కనిపిస్తాయి.

కోటను బయటినుంచి ఎలా చూశారు? మూడు దారులు.

ఒకటి విమానం. 1943 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో లిబరేటర్ బాంబర్లూ, విమానవాహక నౌకల నుంచి లేచిన విమానాలూ తరావా మీద బాంబులు వేశాయి, ఫొటోలూ తీశాయి. ఒకే చోటును కొద్ది దూరం జరిగి రెండుసార్లు తీస్తే, ఆ రెండు ఫొటోలనూ స్టీరియోస్కోప్ అనే జంట కటకాల పెట్టెలో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఎత్తుపల్లాలు లేచి నిలబడతాయి. ఫొటో తీసిన వేళ తెలిస్తే నీడ పొడవును బట్టి గోడ ఎత్తు కట్టవచ్చు. ఫిరంగి మీద గుడ్డ కప్పినా, దాని చుట్టూ కట్టిన ఇసుక బస్తాల వలయం వెడల్పు అది ఏ పాటి ఫిరంగో చెప్పేస్తుంది. మనుషులు నడిచిన కాలిబాటలు ఇసుకలో తెల్లగా కనిపిస్తాయి. బాట వెళ్లి ఒక దిబ్బ దగ్గర ఆగిపోయిందంటే ఆ దిబ్బ ఉత్త దిబ్బ కాదన్నమాట.

రెండోది జలాంతర్గామి. నాటిలస్ అనే జలాంతర్గామి సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈ దీవుల చుట్టూ నీళ్లలో మునిగి తిరుగుతూ, పెరిస్కోప్ కంటికి కెమెరా బిగించి తీరం పొడవునా ఫొటోలు తీసింది. విశాఖ బీచ్ రోడ్డు మీద కురుసురా జలాంతర్గామి ప్రదర్శనశాలలోకి వెళ్లి, ఆ ఇరుకులో తలవంచుకుని నడిచిన శ్రోతలకు ఆ పని ఎంత కష్టమో ఊహించుకోవడం తేలిక. నౌకాదళం ఇచ్చిన కెమెరాలు సరిగ్గా పనిచేయలేదు. ఓడలో రెండో అధికారి దగ్గర సొంత కెమెరా ఒకటి ఉంది. చివరికి పని గట్టెక్కించింది అది. ఒక ఫొటో అంచు మీదికి ఇంకో ఫొటో వచ్చేలా వరసగా తీసి అతికిస్తే తీరమంతా ఒక పొడుగాటి బొమ్మగా తయారైంది. పడవలో ఒడ్డుకు వెళ్లే సైనికుడికి ఆకాశంలోంచి తీసిన పటం కన్నా ఈ బొమ్మే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే వాడి కంటికి దీవి కనిపించేది ఇలాగే. ఈ నాటిలస్ కథకు ఒక కొసమెరుపుంది. దాడికి ముందు రాత్రి, నవంబరు 19న, తరావా దగ్గర అమెరికా డిస్ట్రాయర్ ఒకటి చీకట్లో దీన్ని శత్రువు ఓడ అనుకుని కాల్చింది. గుండు తగిలింది. పేలలేదు. అదృష్టం బాగుండి బతికింది. ఇంత సమాచారం పోగుచేసిన ఓడ ఆ రాత్రి అక్కడ ఉంటుందన్న సమాచారం మాత్రం ఆ డిస్ట్రాయర్‌కు అక్కరకు రాలేదు.

మూడోది రేడియో. జపాను సందేశాలను పట్టుకుని విప్పే పని అప్పటికే బాగా సాగుతోంది.

ఈ మూడూ కలిపి దీవి పటం తయారుచేశారు. ఎక్కడ ఏ ఫిరంగి, ఎక్కడ ముళ్లకంచె, ఎక్కడ ట్యాంకులు దాటకుండా తవ్విన కందకం, అన్నీ గుర్తులు. ఆ పటం వల్ల ఒక ముఖ్యమైన నిర్ణయం జరిగింది. జపాను వాళ్లు దాడి బహిరంగ సముద్రం వైపు నుంచి, అంటే దక్షిణం, పడమర వైపుల నుంచి వస్తుందని ఎదురుచూశారు. అడ్డంకులూ, మందుపాతరలూ ముందుగా అటే పెట్టారు. ఉత్తరాన, వలయం లోపలి మడుగు వైపు, ఏర్పాట్లు ఇంకా పూర్తికాలేదు. అందువల్ల మెరైన్లు మడుగులోకి వెళ్లి, దీవి వీపు మీద ఎక్కాలనుకున్నారు. ఇది మంచి నిర్ణయం. దక్షిణం నుంచి వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆలోచించాలంటేనే భయం వేస్తుంది.

ఇక ఫొటోలు చెప్పని సంగతులు. ఆకాశం నుంచి బంకర్ పైకప్పు కనిపిస్తుంది. జలాంతర్గామి నుంచి ముందరి గోడ కనిపిస్తుంది. కప్పు మందం ఎంతో రెండింటిలోనూ కనిపించదు. జపాను ఇంజనీర్లు కాంక్రీటు మీద కొబ్బరి దుంగలు పరిచి, ఉక్కు దూలాలు వేసి, పైన పగడపు ఇసుకను అడుగుల కొద్దీ కప్పారు. కొబ్బరి మాను పీచు పీచుగా ఉంటుంది కదా. దెబ్బ తగిలితే చిట్లదు, నలిగి ఊరుకుంటుంది. ఓడల నుంచి వచ్చే గుళ్లు దాదాపు నేలబారుగా వచ్చి, ఆ ఏటవాలు ఇసుకకు తగిలి పైకి లేచి అవతల సముద్రంలో పడ్డాయి. దాడి రోజున మూడు గంటల పాటు సుమారు 3,000 టన్నుల గుళ్లు ఆ 300 ఎకరాల మీద కురిపించారు. చూస్తున్నవాళ్లు దీవి మీద పురుగు కూడా మిగలదనుకున్నారు. దుమ్ము తగ్గాక చూస్తే బంకర్లు చాలావరకు ఉన్నాయి.

ఇది మొదటి లోపం. అయితే అసలు దెబ్బ ఇక్కడ తగల్లేదు. నీటి దగ్గర తగిలింది.

బెటియో చుట్టూ ఒడ్డు నుంచి 500 గజాలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ దూరం దాకా పగడపు దిబ్బ అరుగులాగా పరుచుకుని ఉంటుంది. పోటు మీద అది మునుగుతుంది, పాటు మీద బయటపడుతుంది. సైనికుల్ని దింపే హిగ్గిన్స్ పడవ నిండుగా ఉంటే తేలడానికి నాలుగడుగుల నీరు కావాలి. దిబ్బ మీద అయిదడుగుల నీరుంటే పడవలు ఒడ్డుదాకా పోతాయి. మూడడుగులే ఉంటే దిబ్బ అంచునే ఆగిపోతాయి. అప్పుడు మనుషులు తుపాకులు నెత్తిన పెట్టుకుని, అర కిలోమీటరు దూరం, మరఫిరంగుల ముందు, నడుము లోతు నీళ్లలో నడిచి వెళ్లాలి. వేలమంది ప్రాణాలు రెండడుగుల నీటి మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ రెండడుగులు ఉంటాయా, ఉండవా?

ఆశ్చర్యం ఏమిటంటే, ఈ ప్రశ్నకు విమానంగానీ, జలాంతర్గామిగానీ, రేడియోగానీ జవాబు చెప్పలేదు. తరావాకు నమ్మదగిన పోటుపాట్ల పట్టికలు లేవు. చేతిలో ఉన్న సముద్ర పటాల్లో కొన్ని 1841లో విల్క్స్ అనే అమెరికన్ నౌకాధికారి చేసిన సర్వేకు చెందినవి. నూరేళ్ల నాటి పటాలు. అందుకని గిల్బర్ట్ దీవుల్లో గతంలో ఉన్నవాళ్లను, ఓడల కెప్టెన్లను, వ్యాపారులను, పాలనాధికారులను, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లను వెతికి తెచ్చారు. మెరైన్లు ఆ గుంపుకు సరదాగా విదేశీ పటాలం అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది అయిదడుగులు ఉంటాయన్నారు.

ఒక్కడు ఒప్పుకోలేదు. మేజర్ ఫ్రాంక్ హాలండ్. దాదాపు పదిహేనేళ్లు ఆ దీవుల్లో కాపురమున్న మనిషి. ఆ పోటుపాట్లను స్వయంగా గమనిస్తూ వచ్చినవాడు. దాడి జరిగే తేదీ తెలియగానే ఆయన హడలిపోయాడు. ఆ రోజుల్లో మూడడుగులకు మించి నీరుండదని చెప్పాడు.

తేదీలో ఏముంది? శ్రోతల్లో సముద్రం మీద బతికేవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది, అష్టమికి చిన్నది. 1943 నవంబరు 20 మన పంచాంగం లెక్కన కార్తీక బహుళ అష్టమి ప్రాంతం. సూర్యుడు ఒక పక్కకు, చంద్రుడు ఇంకో పక్కకు లాగుతారు కాబట్టి నీరు పెద్దగా లేవదు, పెద్దగా తగ్గదు. సేనాపతులకు ఈ మాత్రం తెలియదని కాదు. చిన్న పోటు రోజని తెలుసు. ఆ చిన్న పోటులోనైనా అయిదడుగులు వస్తాయని ఎక్కువమంది చెప్పారు. మరి వారం ఆగి అమావాస్యకు వెళ్లవచ్చు కదా అంటే, తరావా తర్వాత మార్షల్ దీవుల మీద దాడికి కాలపట్టిక పైనుంచి ఖరారై ఉంది. ఓడలన్నీ దాని వెనకే పరిగెత్తుతున్నాయి.

హాలండ్ మాట విని ఏం చేశారన్నది నాకు ఈ కథ మొత్తంలో ముఖ్యమైన ఘట్టంగా కనిపిస్తుంది. ఆయన్ను పట్టించుకోలేదని చాలామంది రాస్తారు. అది సగం నిజం. తేదీ మార్చలేదు, నిజమే. కానీ రెండో మెరైన్ డివిజన్ సేనాపతి జూలియన్ స్మిత్ తన మనుషులకు దాపరికం లేకుండా చెప్పాడు: దిబ్బ దాటడానికి నీళ్లు చాలే అవకాశం సగానికి సగమే, నీళ్లలో నడవాల్సి రావచ్చు, సిద్ధంగా ఉండండి అని. అంతకన్నా ముందే, దాడి పథకం గీసిన డేవిడ్ షూప్ అనే అధికారి నీళ్లు ఉండకపోతే ఏమిటన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టాడు. ఆయనకు తోచిన జవాబు ఆమ్‌ట్రాక్. నీటి మీద పడవలా తేలి, నేల తగిలితే ట్యాంకులా పట్టాల మీద పాకే బండి. అప్పటిదాకా దాన్ని సరుకులు మోయడానికే వాడేవారు. దిబ్బ మీద నీళ్లున్నా, లేకపోయినా దానికి లెక్కలేదు.

డివిజన్ దగ్గర ఉన్న ఆమ్‌ట్రాక్‌లు గ్వాడల్‌కెనాల్ దీవి యుద్ధంలో అరిగిపోయినవి. వాటిలో 75 బాగుచేసి, న్యూజిలాండ్‌లో దొరికిన ఉక్కు రేకులు ముందర బిగించారు. ఇంకో 50 కొత్తవి కావాలని పట్టుబట్టారు. ఓడల అధిపతి అడ్మిరల్ టర్నర్ ఒప్పుకోలేదు. మెరైన్ దళాల అధిపతి హాలండ్ స్మిత్, అవి లేకపోతే దాడే లేదన్నంత దూరం వెళ్లాడు. ఈ హాలండ్ వేరు, ఇందాకటి మేజర్ హాలండ్ వేరు. మొత్తానికి 125 సమకూరాయి. మొదటి మూడు వరసలకు అవి సరిపోతాయి. నాలుగో వరస నుంచి హిగ్గిన్స్ పడవలే.

నన్నడిగితే ఆ గూఢచారి విభాగం పని మొత్తంలో గొప్ప ఫలితం మరుగుదొడ్ల లెక్క కాదు, ఈ 125 బళ్లు. ఆ లెక్క నిజమైంది, సంతోషమే, కానీ దానివల్ల ఒక్క ప్రాణం కూడా దక్కినట్టు నాకు కనిపించదు. నీటి సంగతి తేలలేదు. తేలలేదన్న సంగతి ఒప్పుకున్నందువల్ల బళ్లు వచ్చాయి. దిగితేగాని లోతు తెలియదంటారు మనవాళ్లు. షూప్ దిగకముందే ఆ మాటను పథకంలో రాసుకున్నాడు. చివరి క్షణంలో ఒక కల్నల్‌కు జబ్బు చేస్తే, దాడికి నాయకత్వం వహించే బాధ్యత కూడా ఆయన మీదే పడింది.

నవంబరు 20 ఉదయం. బాంబుల వర్షం అయింది. ప్రధాన యుద్ధనౌక మేరీలాండ్ ఫిరంగులు పేలిన అదురుకు దాని సొంత రేడియోలే దెబ్బతిన్నాయి, ఎవరు ఎక్కడున్నారో తెలియడం కష్టమైంది. కాల్పులు ఆగడానికీ, మొదటి బండి ఒడ్డు తాకడానికీ మధ్య వ్యవధి చిక్కింది. ఆ వ్యవధిలో జపాను వాళ్లు దక్షిణం నుంచి ఉత్తరానికి మనుషుల్ని మార్చుకున్నారు. తొమ్మిది దాటాక మొదటి ఆమ్‌ట్రాక్‌లు ఒడ్డెక్కాయి. వాటికి దిబ్బ ఒక అడ్డంకే కాలేదు.

వెనక వచ్చిన పడవలు దిబ్బ అంచున నేలకు తగిలి ఆగిపోయాయి. మేజర్ హాలండ్ చెప్పిన లోతే. తలుపు దించారు. మెరైన్లు నీళ్లలోకి దిగి నడవడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఒడ్డుదాకా దాక్కోవడానికి ఏమీ లేదు. టైమ్ పత్రిక విలేకరి రాబర్ట్ షెరాడ్ వాళ్లతో పాటు నడిచి, బతికి, ఆ అనుభవం మీద పుస్తకం రాశాడు. సాయంత్రానికి సుమారు 5,000 మంది ఒడ్డు చేరడానికి బయల్దేరితే, 1,500 మంది దాకా చనిపోయారు లేదా గాయపడ్డారు. ఒడ్డు చేరినవాళ్లు కొబ్బరి దుంగల గోడ కింద ఇరుక్కుపోయారు. పోటు వస్తుందని ఎదురుచూశారు. మధ్యాహ్నం అయింది, రాత్రి అయింది, నీరు లేవలేదు. మర్నాడు మధ్యాహ్నం దాటాకగాని పడవలు దాటేటంత నీరు రాలేదు.

ఆ రాత్రి జపాను వాళ్లు ఎదురుదాడి చేసి ఉంటే మెరైన్లు సముద్రంలో కలిసిపోయేవారు. చేయలేదు. పై కప్పుల మీద పనిచేయని గుళ్లు నేల మీది టెలిఫోను తీగల్ని తెంపేశాయి. జపాను సేనాపతి రియర్ అడ్మిరల్ షిబాసాకి తన బంకర్‌ను గాయపడినవాళ్లకు ఇచ్చి, వేరే చోటుకు మారుతుండగా ఓడ గుండు తగిలి మొదటి రోజే చనిపోయాడని చరిత్రకారులు అంటారు. ఈ రెండూ ఏ అంచనాలోనూ లేని అదృష్టాలు.

76 గంటల్లో యుద్ధం ముగిసింది. అమెరికా వాళ్లు వెయ్యిమందికి పైగా మరణించారు, రెండు వేలకు మించి గాయపడ్డారు. దీవి మీద ఉన్న 4,800 మందిలో ప్రాణాలతో చిక్కినవాళ్లు 146 మంది. వాళ్లలో 129 మంది కొరియా కూలీలు. ఆ కూలీల గురించి ఎవరూ ప్రసంగాలు చేయరు. తమది కాని యుద్ధంలో, తమది కాని దీవి మీద, రెండు సైన్యాల అంకెల మధ్య నలిగిపోయినవాళ్లు వాళ్లు.

నీటి సంగతి మీద వాదోపవాదాలు నలభై ఏళ్లు నడిచాయి. 1987లో డొనాల్డ్ ఓల్సన్ అనే అమెరికన్ భౌతికశాస్త్ర ఆచార్యుడు చంద్రుడి గమనాన్ని వెనక్కి లెక్కకట్టి చిక్కు విప్పాడు. ఆ రోజు అష్టమి ఒక్కటే కాదు, చంద్రుడు తన కక్ష్యలో భూమికి బాగా దూరమైన చోట కూడా ఉన్నాడు. చిన్న పోటు మరీ చిన్నదైంది. ఆ లెక్క 1943లో కట్టడానికి కావలసిన గణితం అప్పటికే ఉంది. తరావాలో కొలిచిన నీటిమట్టాల పట్టిక ఒకటి చేతిలో ఉంటే చాలు, తక్కినది గుమాస్తా పని. యుద్ధానికి ముందు ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఒక కర్ర పాతి, కొన్ని నెలలు రాసుకునే అవసరం ఎవరికీ కనిపించలేదు.

1943లోనే, తరావాకు ముందు ఆగస్టులో, ఇంకో తమాషా జరిగింది. అలాస్కా దగ్గర అల్యూషన్ దీవుల్లో కిస్కా అనే దీవి జపాను చేతిలో ఉంది. మే నెలలో పక్కనున్న అట్టు దీవి కోసం ఘోరమైన యుద్ధం జరిగింది, జపాను వాళ్లు దాదాపు చివరి మనిషి దాకా పోరాడారు. కాబట్టి కిస్కాలోనూ అంతేననుకున్నారు. జులై 28న దట్టమైన పొగమంచులో జపాను ఓడలు వచ్చి, గంటలోపే 5,000 మందికి పైగా తమ సైనికుల్ని ఎక్కించుకుపోయాయి. ఆ రోజు నుంచి దీవి మీద రేడియో మూగబోయింది. ఫొటోల్లో లారీలు ఉన్నచోటే ఉన్నాయి. బాంబు గోతులు పూడ్చేవాళ్లు లేరు. ఫొటోలు చదివేవాళ్లు ఇది గమనించారు. శత్రువు కొండల్లోకి వెళ్లి దాక్కున్నాడని పైవాళ్లు వ్యాఖ్యానం చెప్పుకున్నారు. ముందు కొంతమందిని పంపి చూసి రమ్మందామని హాలండ్ స్మిత్ అడిగితే ఒప్పుకోలేదు. ఆగస్టు 15న అమెరికా, కెనడా సైనికులు 34,000 మంది దాకా ఖాళీ దీవి మీద దాడి చేశారు. మంచులో ఒకరినొకరు కాల్చుకున్నారు, వదిలిపోయిన మందుపాతరలు తొక్కారు, తీరం దగ్గర ఒక డిస్ట్రాయర్‌కు మైను తగిలింది. శత్రువు లేని యుద్ధంలో దాదాపు 90 మంది పోయారు.

తరావాలో ఫొటోకు చిక్కనిది ప్రాణాలు తీసింది. కిస్కాలో ఫొటోలో ఉన్నదాన్ని నమ్మనందువల్ల ప్రాణాలు పోయాయి. ఈ రెంటిలో ఏది పెద్ద తప్పని అడిగితే నేను కిస్కా వైపే వేలు చూపిస్తాను, మృతుల సంఖ్య తక్కువైనా సరే. తరావాలో జవాబు దొరకని ప్రశ్నకు ఒకడైనా ఎదురు ఏర్పాటు చేశాడు. కిస్కాలో జవాబు బల్ల మీద పడి ఉంది.

తర్వాత తర్వాత జపాను వాళ్లు కూడా నేర్చుకున్నారు. 1945 ఫిబ్రవరిలో ఇవో జిమా మీద దాడికి ముందు అమెరికా విమానాలు ఆ దీవిని లెక్కలేనన్నిసార్లు ఫొటోలు తీశాయి. వారాల తరబడి బాంబులు వేస్తున్నా కోటల సంఖ్య తగ్గకపోగా పెరుగుతోందని ఫొటోలు చదివేవాళ్లు చెప్పారు కూడా. అయినా 13,000, 14,000 మంది ఉంటారనుకున్న చోట 20,000 మందికి పైగా ఉన్నారు. సేనాపతి కురిబయాషి తన మనుషుల్ని కిలోమీటర్ల పొడవైన సొరంగాల్లోకి దింపేశాడు. నేల కింద ఉన్నవాణ్ని ఏ దొడ్డిని బట్టి లెక్కపెడతాం? అయిదారు రోజుల్లో అయిపోతుందనుకున్న యుద్ధం 36 రోజులు సాగింది.

తరావా నుంచి అమెరికా నౌకాదళం వెంటనే దిద్దుకున్న సంగతులు చెప్పి ముగిస్తాను. హవాయిలోని కహోలావే దీవి మీద బెటియో బంకర్ల నమూనాలు కట్టించి, ఏ గుండు, ఏ కోణంలో, ఎంత దూరం నుంచి కొడితే కప్పు పగులుతుందో ఓడలతో కాల్పించి చూశారు. నీటి లోతు కొలవడానికీ, అడ్డంకులు పేల్చడానికీ ప్రత్యేక దళాలు పెట్టారు. 1944 జనవరి 31న మార్షల్ దీవుల్లో క్వాజలీన్ ముందు ఆ దళం పడవలో వెళ్లి లోతు చూడాలి. నీటిలోకి దిగకూడదని ఆజ్ఞ. పడవ నుంచి పగడపు రాళ్లు సరిగ్గా కనిపించలేదు. ఇద్దరు యూనిఫారాలు విప్పేసి, లోపల వేసుకున్న ఈత నిక్కర్లతో నీళ్లలోకి దూకారు. ముప్పావు గంట ఈదుతూ చూసి వచ్చి, ఇక్కడ పడవలు పనికిరావు, ఆమ్‌ట్రాక్‌లే పంపండని చెప్పారు. ఒడ్డున ఫిరంగులెక్కడున్నాయో బొమ్మ కూడా గీసిచ్చారు. ఆజ్ఞ మీరినందుకు శిక్ష పడలేదు సరికదా, అడ్మిరల్ టర్నర్ ఆ పద్ధతినే ఖాయం చేశాడు.

ఆ జూన్‌లో సైపాన్ దీవి ముందు, పట్టపగలు, శత్రువు తుపాకులు కాలుస్తుండగా, ఈతగాళ్లు దిబ్బ మీదికి వెళ్లారు. ఒంటి నిండా నీలిరంగు పూసుకుని, దాని మీద పాదాల నుంచి పైదాకా కొలబద్దకున్నట్టు నల్లని అడ్డగీతలు గీయించుకున్నారు. నీళ్లలో నిలబడి, ఏ గీత దగ్గర నీరు తగులుతోందో చూసి పలక మీద రాసుకున్నారు. ట్యాంకులు ఏ దారిన దాటవచ్చో ఆ రాత్రికి సేనాపతుల చేతిలో పటం ఉంది. మర్నాడు, జూన్ 15 ఉదయం, దాడి మొదలైంది.